లాంబెంట్‌కు మా సార్ చెప్పిన దారి

శుక్రవారం పొద్దున నారాయణఖేడ్ బస్టాండు ముందు కిరాణా దుకాణాయన గల్లాపెట్టెకు హారతి ఇచ్చి, పళ్లెం బయట నిలబడ్డ వాళ్ల ముందుకు తెస్తాడు. కల్హేర్ ఆటో కోసం ఎదురుచూసే నేనూ చేతులు చాచి ఆ వేడిని కళ్లకద్దుకుంటాను. కర్పూరం వాసనకు అందరికీ దేవుడు గుర్తొస్తాడు. నాకేమో ఒక ఇంగ్లిష్ విశేషణం గుర్తొస్తుంది. లాంబెంట్. దాని వెనకే మాణిక్యం సార్, సార్ వెనకే ఎన్నేళ్లయినా తెగని నా అయోమయం.

ఆ మాట మామూలు సంభాషణలో ఎవరూ వాడరు. కాల్చకుండా, వస్తువుల మీద మెత్తగా ఆడే వెలుగును చెప్పడానికి కవులు దాచుకున్న మాట అది. డిగ్రీలో మాకు ఇంగ్లిష్ చెప్పిన మాణిక్యం సార్‌కు ఎందుకో దాని మీద అంత మోజు. కల్హేర్‌లో వ్యవసాయ కుటుంబం వాళ్లది. పొద్దున్నే చేను చూసుకొని, చెప్పులకు మట్టితోనే స్కూటర్ మీద కాలేజీకి వచ్చేవారు. ఏ పుస్తకంలో ఆ మాట కనిపించినా, చుట్టం దొరికినంత సంబరంగా పాఠం ఆపి మరీ మాకు చదివి వినిపించేవారు.

ఒకరోజు టిఫిన్ డబ్బా మూత మీద కర్పూరం బిళ్ల పెట్టి వెలిగించారు. "చూడుండ్రి. పాత కవులు గీ మాటను ముందుగాల గిసొంటి మంటకే వాడిండ్రు. తర్వాతోళ్లు కండ్లకు వాడిండ్రు. ఇంకొందరు హాస్యానికి, తెలివిగల్ల మాటకు వాడిండ్రు. ఒకాయనైతే ఎగతాళికి మొద్దోని మొఖం చుట్టు వెలిగించిండు," అంటూ వెనక బెంచీ వైపు చూశారు. క్లాసంతా గొల్లుమంది.

నాకు మాత్రం సందేహం పట్టుకుంది. "మంటకు వాడిన మాట కండ్లకు ఎట్లొచ్చింది సార్?" అని లేచి అడిగాను. సార్ ఆ మూత నా ముందుకు తెచ్చారు. అలవాటు కొద్దీ చేతులు మంట మీద పెట్టి కళ్లకద్దుకున్నాను. "గట్లనే వచ్చింది బిడ్డా," అన్నారు. మరి మాటల్లోకి ఎలా వచ్చిందని ఇంకెవరో అడిగితే, "హారతి తీస్కున్నంక ఊకుంటమా? ముచ్చట వెడ్తం గద," అన్నారు. ఆ రోజు ఇంగ్లిష్ మా ఇంటి భాషే అన్నంత ధైర్యం వచ్చింది నాకు. సార్ చెప్పినదంతా చరిత్రే అనుకున్నాను.

పీజీ అయ్యాక పరిశోధన సీటు కోసం హైదరాబాదులో ఇంటర్వ్యూకు వెళ్లాను. సీటు వస్తే చదువు సాగుతుంది, రాకపోతే అక్కడితో సరి అని ఇంట్లో తేల్చి చెప్పారు. ఏదైనా ఒక మాట సాహిత్యంలో ఎలా ప్రయాణం చేసిందో చెప్పమన్నారు ఇంటర్వ్యూ చేసేవాళ్లు. ఎగిరి గంతెయ్యాలనిపించింది. మంట, కళ్లు, హాస్యం అని వరసగా చెబుతుంటే తలలూపారు. హారతి దగ్గరికి వచ్చేసరికి ఒకావిడ కళ్లజోడు తీసి, "ఇది ఎవరు చెప్పారమ్మా?" అన్నారు. "మా సార్," అన్నాను. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. "ఇంగ్లండు కవులకు హారతి ఎవరిచ్చారమ్మా?" అని ఒకాయన ముచ్చటగానే అడిగారు. నాకు సీటు రాలేదు.

తిన్నగా కల్హేర్ వెళ్లాను. సార్ వాకిట్లో కందులు ఆరబోస్తున్నారు. "గది నిజం గాదని మీకెర్కేనా సార్?" అన్నాను, కూర్చోకుండానే.

"ఎర్కనే."

"మరెందుకు జెప్పిండ్రు?"

సార్ చేతులు దులుపుకొని నా వైపు తిరిగారు. "గా మాట మనింట్లకు రావాల్నంటె ఏదో ఒక దర్వాజ తియ్యాలె గద బిడ్డా. నేను తీసిన. గది నేను వెట్టిన దర్వాజ అని జెప్పకపోవుడు తప్పే. నీకు నష్టమయింది." అక్కడితో ఆగితే నేను క్షమించేసేదాన్నేమో. "గని మళ్లోపారి అడిగినా గదే జెప్త," అన్నారు.

పోట్లాడాలో, కాళ్లకు మొక్కాలో అర్థం కాలేదు. వాళ్లావిడ ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను. సార్ నా సీటు పోగొట్టారా, లేక సీటు అడిగేంత దూరం నన్ను నడిపించారా? రెండూ నిజమే అనిపిస్తుంది, కానీ రెండూ ఒకే మనిషిలో ఇమడవు. పోయినేడు సార్ పోయారు. కోపం తీరకముందే బెంగ వచ్చి దాని పక్కన కూర్చుంది.

ఇప్పుడు నేను కల్హేర్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. మొన్న పాఠంలో ఆ మాట తగిలింది. మంట మాట కళ్లకు ఎలా వచ్చిందని రేణుక అనే అమ్మాయి అడిగింది. లాటిన్‌లో నాకడం అనే అర్థం నుంచి పుట్టిందని, మంట నాలుకలా ఆడుతుంది కాబట్టి మంటకు, ఆ మెరుపు పోలికతో కళ్లకు వాడారని చెప్పాను. అంతా సరైనదే. ఒక్క ముఖంలోనూ కదలిక లేదు. ఇక ఉండబట్టలేక, ఇది నిజం కాదు సుమా అని ముందే చెప్పి, హారతి సంగతి చెప్పాను.

"గిది ఎవలు జెప్పిండ్రు మేడం?" అంది రేణుక.

"మా సార్," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. తలలన్నీ వంచి గబగబా రాసుకోవడం మొదలుపెట్టారు. రాయకండి అనబోయి అనలేకపోయాను. నిజం కాదన్న ముక్క కూడా రాశారో లేదో చూద్దామని బెంచీల మధ్య నడిచాను. కొందరు రాశారు, కొందరు రాయలేదు. దిద్దుదామని పెన్ను తీసి, ఎవరిది దిద్దాలో తెలియక అక్కడే నిలబడిపోయాను.