జనవరి ఒకటిన పుట్టినవాళ్లు

మూడు గంటలకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. ఒంటిగంటన్నర దాటింది. కరీంనగర్ మంకమ్మతోటలోని ఆ మేడమీది ఇంట్లో లైబా ఒక ముసలమ్మ ఎదుట చాప మీద కూర్చుని, తన నివేదికను మూడోసారి మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.

ముసలమ్మ పేరు లింగవ్వ. ఒళ్లో చేట, చేటలో కందిపప్పు. ఆమె కూతురు బాలలక్ష్మి గుమ్మానికి ఆనుకుని నిలబడి వింటున్నది.

బాలలక్ష్మి ఒక బీమా సంస్థలో కమ్యూనికేషన్స్ డైరెక్టర్. ఆ సంస్థ జనంతో చెప్పే ప్రతి మాటా ఆమె చేతిమీదుగానే బయటికి వెళుతుంది. ఆదివారాల్లో మాత్రం ఆమె యాక్చువరీలు కాదలచిన పిల్లలకు సలహాదారు. మనుషుల ఆయుష్షునూ ఆపదలనూ అంచనా కట్టి బీమా ధర తేల్చే ఆ విద్యలో ఆమె ఒక్క పరీక్షా రాయలేదు. "లెక్క మీకొస్తది. గా లెక్క ఎవల నెత్తిన పడుతదో గాళ్లకు చెప్పుడు మీకు రాదు. అది నేర్పుత," అనేది. ఆమె నిబంధనలు రెండే. తన సంస్థకు దరఖాస్తు చేసినవాళ్లకు సలహా ఇవ్వదు. ఎవరి నివేదికైనా లింగవ్వకు అర్థమై ఆమె తల ఊపితే తప్ప ఇంటర్వ్యూకు పంపదు.

ఈరోజు శనివారమైనా లైబా కోసం తలుపు తీసింది. అయిదు పరీక్షలు గట్టెక్కిన లైబాకు ఇది మూడో ఇంటర్వ్యూ. ఇదీ పోతే గ్రానైట్ పాలిష్ యూనిట్లో తన పక్కన కుర్చీ వేస్తానని తండ్రి ఖయ్యూం ఖరాఖండిగా చెప్పాడు. నివేదిక నిన్న సాయంత్రమే ఇంటర్వ్యూ చేసే కంపెనీకి చేరింది. ఇక మిగిలింది మాట్లాడడమే.

"అవ్వా, జైనూర్ దిక్కు గుట్టల మీది ఊర్లల్ల పందొమ్మిది వందల మందికి కలిపి ఒక్కటే బీమా. గాళ్ల వయసులు, సచ్చిపోయినోళ్ల వివరం కంపెనీ నాకిచ్చింది. తప్పుగున్నోళ్లను తీసేసి, మిగిలినోళ్ల మీద ధర కట్టిన."

"తప్పంటే?"

"ఆరువందల పన్నెండు మందికి పుట్టినరోజు జనవరి ఒకటే. గంతమంది ఒక్కనాడే పుడతరా?"

లింగవ్వ చేట ఆపి పకపకా నవ్వింది. "పుట్టినం బిడ్డా! నాదీ గదే దినం. మా జైనూర్ల మా వాడకట్టు సగం గదే దినం. గానాడు మంత్రసాని ఎంత పరేషానైందో!"

"నిజంగనా?"

"పుట్టిన తారీఖు ఎవలకెర్క? ఆధార్ రాసేటోడు మొకం జూసి ఏండ్లేసిండు. తారీఖు మిషినే ఏసుకున్నది."

బాలలక్ష్మి నవ్వలేదు. "తీసేసినోళ్లల్ల సచ్చిపోయినోళ్లు ఎందరు, లైబా?"

లైబా ల్యాప్‌టాప్ తెరిచింది. మొత్తం మరణాలు నలభై ఒకటి. వాటిలో ముప్పై మూడు ఆమె తుడిచేసిన వరుసల్లోనే ఉన్నాయి. పుట్టిన తేదీ తెలియనివాళ్లే వయసు మీరినవాళ్లు. పోయినవాళ్లూ ఎక్కువగా వాళ్లే. వాళ్లను తీసేశాక ఆ గుట్టల మీద చావే అరుదైనట్టు లెక్క తేలింది. ధర అందుకే అంత తక్కువగా వచ్చింది.

"తక్కువ ధరకు బీమా అమ్ముతరు," అన్నది బాలలక్ష్మి. "రెండేండ్లకు క్లెయిములు కుప్పపడ్తయి. అప్పుడు గీ ఊర్లోళ్లు దొంగ క్లెయిములు పెడుతున్నరని బంద్ చేస్తరు. నీ కాయితమే సాక్ష్యమైతది."

రెండుంబావు. లైబా గొంతు తగ్గించింది. "మేడమ్, ఇంటర్వ్యూల వాళ్లు అడగకపోతే? కొలువు దొరికినంక నేనే సరిచేస్త."

"ఎన్నడు?"

"మీరైతే చెప్తరా?" అని లైబా ఎదురడిగింది. ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఉంటుందని ఆమె నమ్మకం. ఎందుకంటే మొదటి ఆదివారమే బాలలక్ష్మి తన కథ చెప్పింది. తండ్రి హనుమండ్లు గుట్టలెక్కి ఉత్తరాలు పంచేవాడు. అతను పోయాక, రెండు కాగితాల్లో రెండు వయసులున్నాయని బీమా సొమ్ము నిరాకరించారు. ఆ లేఖ ఇంగ్లిషులో వచ్చింది. అప్పీలుకు గడువు ముప్పై రోజులు. సెలవులకు వెళ్లిన ఊరి బడిపంతులు తిరిగొచ్చి దాన్ని చదివిపెట్టే నాటికి ముప్పై నాలుగు రోజులైంది. బాలలక్ష్మి కరీంనగర్‌లో డిగ్రీ చదివి, పత్రికలో పనిచేసి, చివరికి బీమా లేఖలు రాసే కొలువులో చేరింది ఆ నాలుగు రోజుల కోసమే.

"ఒకసారి చెప్పలే," అన్నది బాలలక్ష్మి.

లింగవ్వ చెయ్యి పప్పులోనే ఆగిపోయింది.

"తొమ్మిదేండ్ల కింద. మా కంపెనీల గిట్లనే వయసుల తకరారు. పదకొండు ఇండ్లకు బీమా పైసలు రావని ఉత్తరం రాయాలె. తప్పు మాదేనని నాకెర్క. అయినా రాసిన. చక్కటి తెలుగుల, పిల్లగాళ్లకు గూడ సమజయ్యేటట్టు. ఒక్కరు గూడ అప్పీలు చేయలే. గంత మంచిగ రాసిన."

"నాకెన్నడు చెప్పలే నువ్వు," అన్నది లింగవ్వ.

"ఏం మొకంతోని చెప్పాలె, అవ్వా?"

లైబాకు కోపం వచ్చింది. అయిదు నెలలుగా ఈ మనిషి మాటను ఆమె తీర్పులా పాటించింది. "మీరు చెయ్యలేని పని నన్ను చెయ్యమంటున్నరు."

"చెయ్యమంటలే. నేను చెప్పలే, నా కొలువు నిలిచింది, పెద్దగైంది. గది గూడ నీకు తెల్వాలె కద. ఇగ నీ ఇష్టం."

మూడయింది. లింగవ్వ తల ఊపకముందే ల్యాప్‌టాప్ తెర మీద ముగ్గురు కనిపించారు. మధ్యలో ఉన్న పెద్దావిడ, "మీ నివేదిక బాగుంది. ప్రారంభించండి," అన్నది.

పొగిడాక నిజం చెప్పడం మరింత కష్టమైంది. "మేడమ్, అందులోని ధర తప్పు," అని లైబా మొదలుపెట్టింది. జనవరి ఒకటి గురించీ, తుడిచేసిన మనుషుల గురించీ, ముప్పై మూడు మరణాల గురించీ ఏ పెద్ద పదమూ వాడకుండా చెప్పింది.

"అయితే ఇందులో ఏ అంకెను నమ్మమంటారు?"

"ఏదీ వద్దు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడ కళ్లద్దాలు తీసింది. "మీరు చెప్పింది మా మిగతా లెక్కలకూ పనికొస్తుంది. కానీ ఉన్నది ఒక్క ఖాళీ. ఆ పేర్లను తుడవకుండా లెక్కకట్టిన అభ్యర్థి ఒకరు వచ్చారు. మీరు ఏప్రిల్‌లో మళ్లీ దరఖాస్తు చేయండి. ఈ నివేదికను ఉపసంహరిస్తున్నట్టు, కారణంతో సహా, ఇప్పుడే రాసి పంపండి."

తెర నల్లబడింది. లైబా అలవాటుగా బాలలక్ష్మి వైపు చూసింది. బాలలక్ష్మి ఒక్క పదం కూడా అందించలేదు. లైబా నాలుగు వాక్యాలు రాసి, ఎవరికీ చూపకుండా పంపేసింది.

ఫోన్ మోగింది. తండ్రి ఖయ్యూం. లైబా మొదటి మోతకే ఎత్తింది.

"అబ్బాజాన్, కొలువు రాలే. ఎందుకు రాలేదో చెప్త. మధ్యల మాట్లాడకు, జర విను."