తడి ఆరని గీత

సహోదరులారా, మా టెక్కలి రాతిపని మావ గురువారం పొద్దున పోయాడు. కబురు తెచ్చినవాణ్ణి కూడా "నువ్వు కళ్లతో చూశావా?" అని నిలదీశాను. వాక్యాన్ని తప్ప దేన్నీ ఊరికే నమ్మని మనిషిని నేను.

మావ రాయిని నమ్మేవాడు కాదు. మా వైపు పాత ఇళ్ల గడపలు, అరుగుల స్తంభాలు, నూతి గట్లు, రోళ్లు అన్నీ ఈ కొండల నీలిరాయే. ఇప్పుడది యంత్రాలతో కోయించుకుని ఓడలెక్కుతోంది. మావ తాతల నాడు రాతిలో వరసగా గుంటలు తొలిచి, చెక్క మేకులు దిగ్గొట్టి, నీళ్లు పోసి కూర్చునేవారట. మేకులు ఉబ్బితే రాయి విడిపోయేది. "తొందరపెడితే రాయి అబద్ధమాడతాది బావూ" అనేవాడు.

మా ప్రార్థన మందిరం గుమ్మం పైన అడ్డంగా వేయడానికి ఒక విశ్వాసి క్వారీ నుంచి నున్నటి బండ తెచ్చిచ్చాడు. మావ దానిమీద చెంబుడు నీళ్లు పోసి చూశాడు. బండంతా ఆరింది. మధ్యలో వెంట్రుకంత గీత మాత్రం తడిగానే ఉండిపోయింది.

"ఇది పైకెక్కించకు. లోన పగిలుంది, ఎవుడి నెత్తినో పడతాది."

"నీ రాయి అమ్ముకోడానికా మావా?"

"నామీద అనుమానం ఉంచుకో బావూ. రాయి మీద కూడా కూసింత ఉంచు."

ఉంచలేదు. ఆ ఆదివారం గ్రంథం చేతపట్టి, దేవుని పనికి అడ్డుపడే చేతుల గురించి గంటసేపు ఉరిమాను. ఎవరి చేతులో అందరికీ తెలుసు. బండ పైకెక్కించాను.

వానలకు గీత కిందనుంచి కూడా కనబడసాగింది. ఒప్పుకోలేదు. ఒక ఉదయం వెళ్లేసరికి గుమ్మం నడిమధ్య పాత రాతి స్తంభమొకటి బండను మోస్తోంది. మావ సందుల్లో రాతిచీలికలు బిగిస్తున్నాడు.

"ఎవరిల్లు పడగొట్టి తెచ్చావు?"

"దొంగసొత్తు కాదులే. పిల్లలు తిరిగే గుమ్మం గదా, ఉండనీ."

నమ్మలేదు. వారం రోజులు మందస దాకా పాత లోగిళ్లన్నీ తిరిగి, ఎక్కడ స్తంభం పోయిందో ఆరా తీశాను. మావ ఇంటికి మాత్రం వెళ్లలేదు.

గురువారం వెళ్లాను. వాళ్ల తాత కట్టిన అరుగు. మూడు స్తంభాలు నీలిరాయి. నాలుగోచోట కొబ్బరి మొద్దు. దాని పక్కనే మావను పడుకోబెట్టారు. గ్రంథం తెరిచి, మళ్లీ మూసేశాను. మొద్దుకు చేరగిలబడ్డ అత్త నన్ను చూసి, కాస్త పక్కకు జరిగి, ఆనుకోడానికి చోటిచ్చింది.