అక్క చెయ్యి నిదానం

పళ్ళక్క అసలు పేరుతో ల్యాబులో ఎవరికీ పని పడలేదు. కట్టుడు పళ్ళు చేసే చోట, అందులోనూ ముందు పళ్ళు చెక్కే మనిషిని పళ్ళక్క అనక ఇంకేమంటారు? పక్క పళ్ళు ఎవరైనా చేస్తారు. ముందు పళ్ళు మాత్రం నవ్వగానే నలుగురి కంట్లో పడతాయి కాబట్టి, కిటికీ పక్కన వెలుతురున్న బల్ల ఆవిడకే ఇచ్చారు. అక్కడ కూర్చుని మైనం మీద చిన్న కత్తితో గీత గీసిందంటే, ఆ గీత మళ్ళీ దిద్దాల్సిన పని ఉండేది కాదు.

నలభై దాటిన ఈ పనిమంతురాలికి ఒక పిచ్చి ఉంది. కంప్యూటర్లో తుపాకుల ఆట. నవ్వేవాళ్ళు నవ్వండి, ఆవిడ మొగుడు నవ్వీ నవ్వీ అలిసిపోయి ఊరుకున్నాడు. ఇది ఈనాటి పిచ్చి కాదు. చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది ఒకే ఒక పాత కంప్యూటరు. ఒకే కుర్చీలో చెరో సగం కూర్చుని, అక్క మౌసు పట్టి గురి చూస్తే, తమ్ముడు కీబోర్డు మీద పరుగులు తీయించేవాడు. పెళ్ళిళ్ళయి ఎవరిళ్ళకు వాళ్ళు పోయాక కూడా సెలవు రోజున ఇద్దరూ ఆటలో కలుసుకోవాల్సిందే.

తమ్ముడు పెద్దయ్యాక కంప్యూటర్లు బిగించే షాపు పెట్టాడు. తనతో కలిపి నలుగురితో ఒక జట్టు కట్టి పోటీలకు కూడా వెళ్ళేవాడు. ఆ నలుగురిలో ఒకడు ఉద్యోగం మారి జట్టు వదిలేశాడు. ఆ సాయంత్రమే తమ్ముడు ఫోన్ చేశాడు.

"నాలుగో చోటు నీదేనక్కా. కాకపోతే నీ పాత డబ్బాతో పని జరగదు. కొత్తది బిగించుకుందాం రా."

పళ్ళక్కకు నేల మీద కాలు నిలవలేదు. మర్నాడే షాపుకు వెళ్ళి, రంగురంగుల లైట్లు వెలిగే మదర్‌బోర్డు ముందు నిలబడిపోయింది.

"లైట్లు ఆట ఆడవక్కా," అని తమ్ముడు ఆవిణ్ణి భుజాలు పట్టి ఇవతలికి లాగాడు. "ఇదిగో, ఇది తీసుకో. చూడ్డానికి ముద్దపప్పులా ఉంటుంది గానీ కరెంటు సరఫరా గట్టిది. ర్యామ్‌కి నాలుగు స్లాట్లున్నాయి. కొత్త రకం ర్యామ్ పడుతుంది."

"పెద్ద ర్యామ్ స్టిక్ ఒకటి పెట్టేస్తే పోదా?"

"పోదు. చిన్నవి రెండు, అదీ జతగా అమ్మేవి కొనాలి. ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య రెండు దార్లుంటాయి. ఒకటే స్టిక్ పెడితే ఒక దారి ఖాళీ. రెండు కొని పక్కపక్కన దూర్చినా అంతే, రెండూ ఒకే దారిలో పడి తోసుకుంటాయి. మధ్యలో ఒక స్లాట్ వదిలిపెట్టాలి. తెలీనివాళ్ళు ఇక్కడే పప్పులో కాలేస్తారు."

ఊరికే చెప్పి ఊరుకోలేదు. షాపులో ఉన్న కంప్యూటరు ఆన్ చేసి, సెట్టింగుల్లోకి వెళ్ళి, ర్యామ్ వేగం ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో కూడా చూపించాడు. చిన్నప్పుడు వాడికి లెక్కలు నేర్పింది పళ్ళక్కే. ఇప్పుడు వాడు తనకు నేర్పుతుంటే కడుపు నిండిపోయింది.

వాడే బిగించి, వాడే ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ల్యాబులో ఎవరు చేసిన పళ్ళనైనా ఇంకొకరు అచ్చు దవడల మీద కరిపించి చూడందే గడప దాటనివ్వరు. అంత పట్టింపు ఉన్న మనిషి, తమ్ముడు బిగించిన డబ్బాను మాత్రం విప్పి చూడలేదు. చూడ్డం వాణ్ణి అవమానించడమే అనుకుంది. నమ్మకం అంటే అదేనని ఆ పిచ్చితల్లి అనుకుంది మరి!

జట్టుతో సాధన మొదలైంది. ఒంటరిగా తిరుగుతున్నప్పుడు బాగానే ఉండేది. నలుగురూ ఒకచోట చేరి కాల్పులు మొదలవగానే తెర మీద బొమ్మ ఒక్క క్షణం ఆగి, ఎగిరి, మళ్ళీ కదిలేది. ఆ క్షణంలోనే పళ్ళక్క ఆటలో చచ్చిపోయేది. ఒకసారి కాదు, ప్రతిసారీ.

"డబ్బాలో ఏమైనా తేడా ఉందేమోరా?"

"డబ్బా భేషుగ్గా ఉందక్కా. నేనే కదా బిగించింది." తర్వాత చాలా మెత్తగా అన్నాడు. "వయసక్కా. చెయ్యి కాస్త నిదానిస్తుంది. అందరికీ ఉండేదే."

ఆ మాట ఆవిడ గుండెలో దిగబడిపోయింది. మర్నాడు ల్యాబులో కత్తి పట్టుకుంటే ముందు తన వేళ్ళే కనిపించాయి, పన్ను తర్వాత. చెక్కిందే మళ్ళీ మళ్ళీ చెక్కింది. నాలుగు రోజులు అలా సతమతమై, ఓనరు దగ్గరికి తనే వెళ్ళి, "ముందు పళ్ళు ఇంకెవరికైనా ఇవ్వండి సార్, నా చెయ్యి ఆగట్లేదు," అంది. కిటికీ పక్కన బల్ల ఖాళీ చేసి, గోడవైపు బల్లకు మారింది. జట్టు నుంచీ తనే తప్పుకుంది. ఆ చోట్లోకి తమ్ముడి బావమరిది వచ్చాడు.

ఒక సెలవు రోజు దుమ్ము దులుపుదామని క్యాబినెట్ పక్క మూత తీసింది. ర్యామ్ స్టిక్కులు రెండూ పక్కపక్కనే ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మిగతా రెండు స్లాట్లూ ఖాళీ. పళ్ళక్క ముందు నవ్వింది. అందరికీ పాఠాలు చెప్పేవాడు తనే పప్పులో కాలేశాడే, జన్మంతా ఏడిపించొచ్చు అనుకుంది. ఒక స్టిక్ తీసి మార్చి పెట్టి, వేగం కూడా చూద్దామని సెట్టింగులు తెరిచింది.

నవ్వు అక్కడ ఆగింది. ర్యామ్ వేగం అట్టడుగున ఉంది. దాన్ని అలాగే వదిలేస్తే వచ్చే వేగం కన్నా కిందకి. అంటే ఎవరో పనిగట్టుకుని లోపలికి వెళ్ళి చేత్తో దించారు. స్టిక్ పొరపాటున పక్క స్లాట్లో పడొచ్చు. అంకె పొరపాటున దిగదు.

దాన్ని పైకి పెట్టి ఆట తెరిచింది. బొమ్మ ఎక్కడా ఆగలేదు. ఎదురుపడ్డవాడల్లా కూలిపోయాడు. గెలిచిన కొద్దీ ఏడుపొచ్చింది.

తమ్ముడి ఇంటికి వెళ్ళేసరికి వాడు ఒక్కడే ముందు గదిలో ఉన్నాడు. "స్టిక్కులు మార్చి పెట్టానురా. వేగం కూడా పెంచాను," అంది. అంతకన్నా చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇంట్లో రోజూ గొడవక్కా. మా బావమరిదిని తీసుకోమని మీ మరదలు చెవినిల్లు కట్టుకుని పోరింది. నీకు మాటిచ్చేశాను. వద్దని చెప్పడానికి నోరు రాలేదు. నీ అంతట నువ్వే మానేస్తావని..."

"వద్దంటే రెండు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని కదరా. డబ్బా కాళ్ళు కట్టేశావు, పోనీ. నా చేతులు పోయాయని ఎందుకన్నావు? ఇంకెవడైనా అనుంటే నీ మొహం అనేసి వచ్చేదాన్ని. నువ్వన్నావని నమ్మాను. నమ్మి నా బల్ల నేనే వదులుకున్నానురా."

ఆ సంగతి వాడికి తెలీదు. మొహం పాలిపోయింది. లేచి ఆవిడ చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాడు.

"తప్పయిపోయిందక్కా. ఈ పోటీకి నువ్వే రా. వాడికి నేను చెప్పుకుంటాను. ఎప్పట్లా మనిద్దరం ఆడదాం."

పళ్ళక్క వాడి వైపు కోపంగా కూడా చూడలేకపోయింది.

"గురి తప్పినప్పుడల్లా నా చెయ్యా, నువ్వా అని చూసుకోవాలిరా ఇక," అంది. "అలా నేను ఆడలేను."

అప్పుడే మరదలు మంచినీళ్ళు తెచ్చింది. పళ్ళక్క తాగి, గ్లాసు తిరిగి ఆమె చేతికే ఇచ్చి, మెట్లు దిగింది.