వార్చిన నీళ్లు

మా మేనత్త కూర్చుని అన్నం తినగా నేనెప్పుడూ చూడలేదు. పళ్లెం ఎడమచేతిలో పట్టుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ముగించేస్తుంది.

"కాలుకాలిన పిల్లిలా ఏంటి వదినా ఆ తిరుగుడు? తిన్నది ఒంటికెలా పడుతుంది?" అని మా అమ్మ విసుక్కుంటే, "కూర్చుంటే బరువెక్కిపోతాను అమ్మాయ్. నన్ను మోసేవాళ్లెవరు?" అని నవ్వేది.

మోసే పని ఆవిడదే. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు ఎక్కించి దింపే ముఠాలో చాలా ఏళ్లుగా ఉంది. మా నాన్నకు అక్క, మాతోనే ఉంటుంది. ముఠాలో మాత్రం అందరికీ జాకీ. కారు కింద పెట్టి పైకి లేపుతారే, ఆ జాకీ.

పెద్ద బీరువాను మెట్ల మీదుగా తీసుకెళ్లడానికి ఇద్దరు కావాలి. వెడల్పాటి పట్టీలు భుజాల మీదుగా వేసుకుని ఒకరు పైన, ఒకరు కింద పడతారు. బరువు చాలావరకు కింది మనిషి మీదకే దిగుతుంది. పైగా ఆ మనిషికి మొహం ముందు చెక్క తప్ప ఇంకేమీ కనిపించదు. అందుకని పైమనిషి "మెట్టు" అంటాడు. కింది నుంచి "ఊఁ" వినపడితేనే తర్వాతి మెట్టుకు కదులుతాడు. కిందపట్టు ఎప్పుడూ మా అత్తది. పైపట్టు బుడ్డోడిది. ఆరడుగుల మనిషి, అందుకే ఆ పేరు పెట్టారు.

గాజు, పింగాణీ సామాను కాగితాల్లో చుట్టి, కొత్త ఇంట్లో విప్పే పని నాది. బడి మానేశాక అత్తే నన్ను ఈ ముఠాలోకి తీసుకొచ్చింది. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేని పని, నాకు సరిపోయింది. సగం ఖాళీ అయిన గదుల్లో నేల మీద కూర్చుని కప్పులు చుడుతూ మెట్ల మీంచి వచ్చే ఆ రెండు గొంతులు వింటూ ఉండేదాన్ని.

వానలు మొదలైన కొత్తలో అత్తకు జ్వరం పట్టుకుంది. తగ్గడం తగ్గింది కానీ, పోతూ పోతూ ఆవిడ భుజాల్ని కూడా పట్టుకుపోయింది. చొక్కా భుజాల మీంచి జారుతూ ఉండేది. ఇంకా కోలుకోకుండానే పనిలోకి వచ్చేసింది. ఆ రోజు నేను పైఅంతస్తులో ఉన్నాను. "మెట్టు" అన్నాడు బుడ్డోడు. "ఊఁ." మళ్లీ "మెట్టు." ఈసారి కింది నుంచి ఏమీ వినపడలేదు. నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. తర్వాత బీరువా గోడకు గుద్దుకున్న చప్పుడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బీరువా తలుపొకటి చిట్లింది.

ముఠా మేస్త్రి కేకలేసే మనిషి కాదు. అదే అత్తకు ఎక్కువ బాధయింది.

"జాకీ, కొన్నాళ్లు పిల్లతో కూర్చుని గిన్నెలు చుట్టు."

"ఎన్నాళ్లు?"

"వానలు తగ్గితే గిరాకీ పెరుగుతుంది. అప్పటికి కిందపట్టు పట్టగలిగితే అది నీదే. లేకపోతే ఇంకొకణ్ని చూసుకోవాలి. ఏమీ అనుకోకు."

అలా అత్త నా పక్కకు వచ్చి కూర్చుంది. కూర్చోవడమంటే పేరుకే. మోకాలు ఆడుతూ ఉండేది, ఆ అదురుకు వరసగా పెట్టిన కప్పులన్నీ గణగణలాడేవి. ఒక కప్పు చుట్టేది, లేచి వెళ్లి మెట్లు చూసొచ్చేది. రెండు సాసర్లు పగిలాక నేను ఆవిడకు చెంచాలు మాత్రమే ఇవ్వడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పినప్పుడు బుడ్డోడు మొదలుపెట్టేవాడు. "మా ఆవిడ మాంసం కూర పంపింది. రెండు ముక్కలు వేసుకో అక్కా. ఆకులూ అలములూ తింటే కండ ఎక్కణ్నుంచి వస్తుంది?"

"ఏనుగు ఏం తింటుందిరా?"

"ఏనుగు రోజంతా తింటుంది. నువ్వు తింటావా?"

ఈ ముఠాలోకి రాక ముందు అత్త కోళ్లు కోసే షెడ్డులో చేసింది. ఒకరోజు చేయి ముందుకు సాగలేదట. అక్కణ్నుంచి మాంసమూ గుడ్డూ నోట పెట్టలేదు. పాలు ఆవిడకు చిన్నప్పటి నుంచీ పడవు.

ఆసుపత్రిలో నర్సు మాత్రం ఆవిడను మాంసం తినమనలేదు. "జ్వరంలో కండ కరిగింది. మళ్లీ రావాలంటే ప్రొటీన్ కావాలి. పప్పులు, శనగలు, బఠానీలు, వేరుశనగలు, సోయా, ఏదో ఒకటి పూటపూటకీ తీసుకోండి. అన్నమో రొట్టో కూడా ఉండాలి. మాంసం, పాలు రెండూ లేవన్నారు కాబట్టి బి ట్వెల్వ్ విటమిన్ బిళ్ల కూడా వేసుకోండి. కొంచెం కొంచెంగా బరువులెత్తండి" అంది. తర్వాత వెళ్లినప్పుడు "తీసుకుంటున్నారా?" అని అడిగింది. "పూట తప్పకుండా తీసుకుంటున్నానమ్మా" అంది అత్త. అది అబద్ధం కాదు.

పొద్దున్నే అందరికంటే ముందు లేచి శనగలో చిక్కుడు గింజలో ఉడకబెట్టేది. వాటిని వార్చి, ఆ నీళ్లలో ఉప్పూ మిరియాల పొడీ వేసి ఫ్లాస్కు నింపుకునేది. మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా నానమ్మ చేసింది ఇదే. సారమంతా నీళ్లలోకి దిగుతుంది, గింజ వట్టి పిప్పి. ఇది మా ఇంట్లో అందరం పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట, ఎవరూ అనుమానించింది లేదు. పిప్పిని పారేయడం దేనికని అమ్మ ఉల్లిపాయ వేసి వేయించి మా పళ్లాల్లో పెట్టేది. అత్త పళ్లెంలో అన్నం, కాస్త కూర, పక్కన ఆ ఫ్లాస్కు. సాయంత్రం నీళ్ల డబ్బాలు పట్టుకుని మెట్లెక్కి దిగేది. సగంలోనే ఆగిపోయి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసేది. నేను చూసేదాన్ని.

వాన తెరిపిస్తే అందరికీ హాయి. అత్త మాత్రం కిటికీ దగ్గరకెళ్లి మబ్బు ఎంత మిగిలిందో చూసేది. మేస్త్రి ఒకతన్ని తీసుకొచ్చి బుడ్డోడి జతకు వేశాడు. మెట్ల మీంచి కొత్త గొంతు "ఊఁ" అంటుంటే అత్త చెంచాలు చుట్టడం ఆపేసి గోడ వైపు చూస్తూ ఉండిపోయేది.

ఒకరోజు తిండి దగ్గర అమ్మ నా బుగ్గ గిల్లింది. "చూడు వదినా, పిప్పి తిని కూడా ఇది ఎలా ఒళ్లు చేసిందో! దీనికి గాలి పీల్చినా ఒంటికి పట్టేస్తుంది."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత ముద్ద నోట్లోకి పోలేదు. తిరుగుతూ వచ్చి అన్నం వడ్డించుకుంటున్న అత్త మణికట్టు బల్ల మీద నా మణికట్టు పక్కనే ఉంది. ఇద్దరం ఒకే గిన్నెలోంచి తింటున్నాం. ఆవిడకు నీళ్లు, నాకు గింజలు.

చెబుదామంటే నోరు రాదు. నానమ్మ మాట కాదనడానికి నేనెవరిని? మర్నాడు అత్త వార్చిన నీళ్లు ఫ్లాస్కులో పోయబోతుంటే గిన్నె ఆవిడ చేతిలోంచి తీసుకుని మళ్లీ పొయ్యి మీద పెట్టాను.

"ఏమే, ఏం చేస్తున్నావ్? పనికి ఆలస్యమవుతోంది!"

నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోతున్నాయి. అత్త తలుపు దాకా వెళ్లి వస్తోంది, మళ్లీ వెళ్లి వస్తోంది. "పిచ్చి పట్టిందా దీనికి? అమ్మాయ్, వచ్చి నీ కూతుర్ని చూడు!" అంటోంది. నీళ్లన్నీ పోయాక మంట ఆపి గిన్నె ఆవిడ ముందు పెట్టాను. అడుగున గోధుమరంగు పొర ఒకటి అంటుకుని ఉంది.

"సారం ఇంతే అత్తా" అన్నాను.

ఆవిడ గోటితో గీరి చూసింది. ఆ గోరును చాలాసేపు చూసింది. పక్కనే జల్లెడ నిండా శనగలు పొగలు కక్కుతున్నాయి.

"మరి నర్సమ్మ తీసుకోమంది..."

"గింజల్ని."

గుమ్మంలో నిలబడ్డ అమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. అత్త జల్లెడ దగ్గరకు లాక్కుని, నిలబడే, గుప్పిట్లతో తినడం మొదలుపెట్టింది. "ఇన్నాళ్లూ నా కండంతా నీ బుగ్గల్లో పెట్టుకుని తిరుగుతున్నావటే, దొంగమొహమా!" అంది నోటి నిండా శనగలతో.

ఆ తర్వాత పొద్దున శనగలు, మధ్యాహ్నం పప్పూ అన్నం, చొక్కా జేబులో వేయించిన వేరుశనగలు, రాత్రి సోయా ముద్దలు. ఒక్కసారిగా అన్ని గింజలు పడేసరికి కడుపు గోల పెట్టింది. వ్యానులో బుడ్డోడు అద్దాలు దించి, "ఏనుగు కాదక్కా, గ్యాసు బండివి నువ్వు" అని ముక్కు మూసుకున్నాడు. అత్త కాస్త తగ్గించి, బాగా నానబెట్టి, మెల్లగా పెంచింది. బలం ఇవాళ తింటే రేపు వచ్చేది కాదు. ఆవిడకేమో ఓపిక లేదు. రోజూ సాయంత్రం చేయి మడిచి నా ముందు పెట్టి, "వచ్చిందా? నొక్కి చూడు" అనేది. నీళ్ల డబ్బాలతో మెట్టు మెట్టూ పైకి జరిగింది.

వానలు తగ్గాయి. ఒక పాత ఇంట్లో, ఇరుకు మెట్ల మీద, మూడు తలుపుల చెక్క బీరువా పైకి ఎక్కించాలి. మేస్త్రి పట్టీలు విప్పుతుంటే అత్త లేచి వెళ్లి చేయి చాపింది. ఆయన ఆవిడ భుజాల వంక చూశాడు, ఆపైన పట్టీ ఇచ్చాడు. "ఒక్కసారే" అన్నాడు.

నేను పైగదిలో చుట్టి తెచ్చిన కప్పుల పెట్టె ముందు కూర్చున్నాను. విప్పింది ఒక్కటీ లేదు.

"మెట్టు."

"ఊఁ."

"మెట్టు."

"ఊఁ."

మలుపు దగ్గరకు వచ్చాక బుడ్డోడు మళ్లీ "మెట్టు" అన్నాడు. జవాబు లేదు. నేను లేచి నిలబడ్డాను. మేస్త్రి మెట్ల వైపు పరుగెత్తడం వినపడింది.

"ఆగరా" అంది అత్త గొంతు. "ఊపిరి తీసుకోనీ."

ఆగమని ఆవిడ అడగడం ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు. అందరూ ఆగారు. ఆ చీకటి మెట్ల మీద ఆవిడ ఊపిరి తప్ప ఇంకేమీ వినపడలేదు.

"ఊఁ."

బీరువా గుమ్మం దాటి గదిలోకి వచ్చింది, దాని వెనక అత్త. మొహమంతా చెమట. మేస్త్రి పట్టీ కోసం చేయి చాపాడు. అత్త ఇవ్వలేదు.

"కింద మంచం కూడా ఉందిగా" అంది జేబులోంచి వేరుశనగలు తీసి నోట్లో వేసుకుంటూ. ఆయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

నేను కూర్చుని కప్పు చేతిలోకి తీసుకున్నాను. పక్కన చెంచాల పొట్లాలు అలాగే ఉన్నాయి, అవి కూడా ఇక నేనే విప్పాలి. కింద బుడ్డోడు అరిచాడు. "మెట్టు."

చేయి ఆగిపోయింది, జవాబు వినపడేదాకా.