రెండంగుళాల వదులు

కొలతలు తీస్తుంటే ఫోన్ చూస్తున్నానా లేదా అన్నది కాదు ఇక్కడ సమస్య. చూస్తూనే ఉన్నాను. కొలతలు ఎక్కించాల్సింది అందులోనే కదా, గోడ మీద రాసుకోమంటారా? మధ్యలో రెండు మెసేజీలకు జవాబిచ్చాను, నిజమే. అంతమాత్రానికే తప్పంతా నాదంటాడు మా ఆఫీసులో వైజాగ్ అబ్బాయి. వాడికేం, ఆరడుగులవాడు. అద్దె డైవింగ్ సూట్ తొడుక్కున్నా వాడికోసమే చేసినట్టుంటుంది.

న్యూజిలాండ్‌లో ఒక సరస్సులో డైవింగ్‌కి వెళ్లాలని మా గుంపు ఏడాదిగా అనుకుంటోంది. మంచు కరిగి వచ్చిన మంచినీళ్లు, గాజులాంటి తేట. సింగపూర్‌లో కొళాయి తిప్పితే చన్నీళ్లు కూడా గోరువెచ్చగానే వస్తాయి. ఇక్కడ మేం వేసుకునే పల్చటి సూట్లు అక్కడ పనికిరావు. డ్రై సూట్ కావాలి. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా రబ్బరు పట్టీలు బిగుసుకుని లోపలికి చుక్క రానివ్వవు. లోపల వెచ్చటి బట్టలు, వాటి చుట్టూ కాస్త గాలి.

అద్దెకిచ్చే చోట నాలుగు తొడిగి చూశాను. ఏసీలో కూడా చెమటకి తడిసిపోయాను. కాళ్లకి సరిపోయింది నడుముకి పట్టదు, నడుముకి పట్టింది పాదాల దగ్గర జారిపోతుంది. కోపమొచ్చి, నా ఒంటి కొలతకే చేయించుకుంటానని ఆర్డర్ పెట్టేశాను. దానికి ఇరవైకి పైగా కొలతలు పంపాలి.

ఇక్కడ బుకిట్ పంజాంగ్ పేటలో నేను గది తీసుకున్న ఇంటి ఆంటీది భీమవరం వైపు. చుట్టుపక్కల తెలుగువాళ్ల పెళ్లిళ్లకి ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టింది. చెయ్యి వణుకుతోందని రెండేళ్ల కిందట మిషన్ మీద గుడ్డ కప్పేసింది. కొలతలు తీస్తారా అని అడగ్గానే టేపు మెడలో వేసుకుని వచ్చేసింది. ఆవిడ అంకె చెప్పడం, నేను ఫోన్‌లో కొట్టడం. పిక్కల దగ్గరికొచ్చేసరికి నవ్వేసింది. "రేపు పెళ్లికొడుకు వాళ్లు కూడా ఇన్ని అడగరే అమ్మాయ్."

సూట్ వచ్చింది. ప్రయాణానికి ఇంకా పన్నెండు రోజులుంది. ముందు ఇక్కడి కొలనులో పరీక్ష, అందులో సరిగ్గా నిలబడినవాళ్లకే సరస్సు అని మా ట్రైనర్ ముందే చెప్పాడు. దిగాను. కాస్త ముందుకి వంగానో లేదో సూట్‌లో గాలంతా కాళ్లలోకి పరిగెత్తింది. తల కిందికి, కాళ్లు పైకి. తన్నుకున్నా, గింజుకున్నా తిరగలేకపోయాను. ట్రైనర్ వచ్చి మడమలు పట్టుకుని లాగాడు. మూడుసార్లు అదే. గట్టు మీద సూట్ పక్కలు గుప్పిట్లో పట్టి చూపించి, ఇంత వదులైతే చల్లటి లోతులో ప్రాణం మీదికొస్తుందని, దీనితో తీసుకెళ్లనని చెప్పేశాడు. అద్దెవి ఎలాగూ పట్టవు. కంపెనీకి పంపితే సరిచేస్తారు, నెలన్నర పడుతుంది.

రైల్లో కూర్చుని ఆ కొలతల ఫారం మళ్లీ తెరిచాను. మీరేమీ కలపకండి, లోపలి బట్టలకి కావలసిన వదులు మేమే కలుపుకుంటాం అని పైనే ఉంది. ఆ వాక్యం నేను ఆరోజే చదివాను. ఆంటీకి చెప్పలేదు. టేపు పట్టుకున్న మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్తుందనే అనుకుంటాం కదా.

కడిగేద్దామనే ఇంటికెళ్లాను. కొలతలు కరెక్టుగానే చెప్పారా అని చెప్పులు విప్పకుండానే అడిగాను.

"ఉన్నదున్నట్టు ఎవరు చెప్తారే? అన్నిటికీ రెండేసి అంగుళాలు కలిపే చెప్పాను. రేపు కాస్త ఒళ్లు చేస్తే? కుట్టేవాళ్లకి మనం చెప్పకపోతే బట్ట మిగుల్చుకుని బిగించేస్తారు."

చేతిలోని సూట్ సంచి వైపు చూశాను. ఆవిడకి అర్థమైపోయింది.

"వదులైందా? దానికంత మొహమెందుకు. ఇలా తే, పక్కలు పట్టేస్తాను."

సంచిలోంచి సూట్ లాగి ఒళ్లో పరుచుకుంది. మిషన్ మీద గుడ్డ తీసింది. ముందు చేత్తో టాకాలు వేస్తానని సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టింది. చెయ్యి వణుకుతోంది. మూడోసారికి ఎక్కింది. చిన్నపిల్లలా నవ్వుతూ నావైపు చూసింది. సూది గుచ్చితే అక్కడినుంచే నీళ్లొస్తాయి, ఇంక అది డ్రై సూటే కాదు.

"ముట్టుకోకండి ఆంటీ." ఎంత గట్టిగా అరిచానో నాకే తెలుసు.

సూది అలాగే గాల్లో ఆగింది. ఏం తప్పు చేశానమ్మా అని అడగలేదు. అడిగినా బాగుండేది. సూట్‌ని మెల్లగా మడతపెట్టసాగింది, చీర మడతపెట్టినట్టు.

"సరిపోయింది ఆంటీ," అన్నాను. "ఆఫీసులో సెలవు దొరకలేదు, ఆ కోపం మీమీద చూపించాను."

"అంతేనా," అంది. "నేనింకా కొలత తప్పాననుకున్నాను."

గదిలోకొచ్చి గుంపుకి రావట్లేదని మెసేజ్ పెట్టాను. వైజాగ్ అబ్బాయి వెంటనే ఫోన్ చేశాడు. ఆవిడకి నిజం చెప్పాల్సింది, అబద్ధమెందుకు అని క్లాసు పీకాడు. వాడు ఆ సూది చూడలేదు. మీరైనా సరే, దారం ఎక్కించి నవ్వుతున్న ఆ మనిషి మొహం మీద చెప్పగలిగేవారా, ఏదీ, చెప్పండి?