పండుగ దాకా ఖాళీగా ఉన్న గడి

2023వ సంవత్సరం. ఖమ్మంలో చింతపండు వ్యాపారం చేసే సలీం భాయ్ దగ్గర ఎక్సెల్ మోడళ్లు తయారుచేయడం నా పని. బడికి వెళ్లే వీలులేక ఇంట్లోనే చదువుకున్నాను. కంప్యూటర్ నేర్పిన అన్నయ్యనూ, నమ్మి పని ఇచ్చిన సలీం భాయ్‌నూ రోజూ దీపం పెట్టేటప్పుడు తలచుకుంటాను.

మోడల్ అంటే ఏ ఊరి నుంచి ఎంత సరుకు రావచ్చో, లారీ ఎప్పుడు పంపాలో ముందుగా లెక్కగట్టే పట్టిక. అందులో ‘అజంప్షన్లు’ ఉంటాయి, అంటే మనం ముందే అనుకుని రాసుకునేవి. చింతకాయ దులపడం ఫిబ్రవరిలో మొదలవుతుందన్నది అలాంటిదే. ఆ తర్వాత కూడా సరుకు రాని ఊరి గడిలో సున్నా పడి, అది ఎర్రబడుతుంది.

మార్చి చివర్లో భద్రాచలం అవతల ఒక అడవి ఊరి గడి ఎర్రబడింది.

“ఆడ కాంటా ఎత్తేద్దాం బేటా. లారీ కిరాయి దండగ” అన్నాడు సలీం భాయ్.

కాంటా, అంటే మేం సరుకు తూచి కొనే చోటు, ఎత్తేస్తే ఆ ఊరి ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని సంత దాకా నడవాలి, కొనేవాళ్లు అడిగినంతకే ఇచ్చి రావాలి. తూకం చూసే ముత్తమ్మకు పని పోతుంది. మనసొప్పక ఆమెకు ఫోన్ చేశాను.

“అక్కా, ఈసారి చింత కాయలేదా?”

“కొమ్మలిరిగేటట్టు కాసింది చెల్లె.”

“మరి ఎవరూ తేలేదేంది?”

“పండుగ కాలే గద! వేల్పుకు పెట్టకుండ కొత్తకాయ ముట్టం. ఊళ్లె సావైంది, పెద్దలు పండుగ ఎనకకు జరిపిండ్రు.”

“ఎప్పుడు చేస్తరు?”

“పెద్దలు చెప్పినప్పుడు. నీ కంప్యూటర్‌కు గంత జల్దీ ఏంది?”

నైవేద్యం పెట్టనిదే నేనూ మెతుకు ముట్టను. ఆమె మాట నాకు వింతగా తోచలేదు. వెళ్లి సలీం భాయ్‌కి చెప్పాను. రంజాన్ నెల కదా, రోజా ఉన్నాడు, అంటే ఉపవాసం.

“మా రంజాన్ గూడ పోయినేడు తారీఖుకే రాదు గద బేటా. నెలవంక కనబడాలె” అన్నాడు. “ఆగుదాం.”

ఆ ఊరి వరుసలో ఫిబ్రవరి తీసేసి, పండుగ తేదీకి ఒక ‘ఇన్‌పుట్ సెల్’ పెట్టాను. అంటే మనిషి చెబితేనే నిండే గడి. అది నిండేదాకా మోడల్ ఆ ఊరి మీద తీర్పు చెప్పదు.

ఏప్రిల్‌లో ఫోన్ వచ్చింది. “చెల్లె, వేల్పుకు పెట్టినం. ఇగ బండి పంపు.”

సున్నాకూ ఖాళీ గడికీ తేడా ఉందని నాకు నేర్పింది ఆ ఊరే. సున్నా రాస్తే లెక్క ముగిసిపోతుంది. ఖాళీగా ఉంచితే, ఎవరినో అడగాల్సింది ఇంకా ఉందని గుర్తుంటుంది. ఇప్పటికీ ఏటా ఆ గడి ఖాళీగానే పెట్టి, ముత్తమ్మక్క ఫోన్ కోసం ఎదురుచూస్తాను.