మా ఆవిడ కొట్టింది

“పిల్లలు బండిలో ఉండగా ఈ చెయ్యి పట్టు తప్పితే?”

వంటింట్లో ఒంటరిగా నిలబడి, ఆ మాట పైకే అనేసింది. మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతే వేళ్ళు మూసుకోలేదు. గ్లాసు సింకులో పడి దొర్లింది. ఎడమ మణికట్టు వాచి, ఎముక ఎక్కడుందో తెలియకుండా నున్నగా అయిపోయింది.

ఆమె స్కూలు వ్యాను నడుపుతుంది. పిల్లలకు ఆమె వ్యానత్త. పెద్దలూ అదే పేరుతో పిలుస్తారు. భారీ మనిషి. స్టెప్నీ టైరును ఒంటిచేత్తో దించుతుంది. “ఏయ్!” అందంటే వెనక సీట్లో కుస్తీలు అక్కడికక్కడే ఆగిపోతాయి. వ్యాను ఆమె సొంతం. స్కూలుతో ఒప్పందం మీద నడుస్తుంది. ఆ బండీ, ఆ పిల్లలూ తప్ప తనదని చెప్పుకునేదేదీ లేదామెకు.

గ్లాసు చప్పుడుకు చిలక వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. వ్యానత్త భుజం దాటదు. తేనె పూసిన గొంతు. అందుకే బిల్డింగు వాళ్ళు ముద్దుగా చిలక అని పేరుపెట్టారు. గింజలు పగలగొట్టే ముక్కు కూడా చిలకకే ఉంటుందని వాళ్ళలో ఎవరికీ తట్టలేదు.

“గ్లాసు కూడా పట్టుకోలేవా? ఏనుగులా పెరిగావు గానీ.” చిలక డ్రాయరులోంచి క్రేప్ బ్యాండేజి తీసింది. “ఇటివ్వు చెయ్యి. కదలకు బంగారం.”

ముందు రోజు వ్యానత్త వాళ్ళ అన్నతో ఫోనులో కాసేపు ఎక్కువ మాట్లాడింది. దానికే చిలక ఆ చేతిని వంటింటి గట్టు అంచుమీద పెట్టి వెనక్కి విరిచింది. ఇప్పుడు అదే చేతికి శ్రద్ధగా కట్టు కడుతోంది.

“ఎవరన్నా అడిగితే?” అంది వ్యానత్త.

“టైరు మారుస్తుంటే జాకీ జారిందని చెప్పు.”

“నిజం చెప్తే?”

చిలక నవ్వింది. “చెప్పుకో పో. ఏమని చెప్తావ్? మా ఆవిడ కొట్టిందనా? ముందు నవ్వుతారు. నవ్వడమయ్యాక, మా ఆవిడేంటి అని అడుగుతారు. ఆ తర్వాత నీ బండిలో ఒక్క పిల్ల ఎక్కుతుందేమో చూసుకో.”

బిల్డింగు లెక్కలో వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో అద్దెకుండే స్నేహితురాళ్ళు. నిజానికి వాళ్ళు జంట. ప్రేమించుకునే కలిసి ఉండడం మొదలుపెట్టారు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళి కుర్చీలో బిగుసుకుపోయిన వ్యానత్త చెయ్యి పట్టుకుని, “భయపడకండి, నేనున్నాగా” అంది చిలక. అంతటి మనిషికి అంతకుముందు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. ఆ ‘నేనున్నాగా’ కాస్తా ‘నేను తప్ప ఇంకెవరూ ఉండకూడదు’గా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మొదట ఫోను పగిలింది. తర్వాత చెంప పేలింది. ఆ తర్వాత వ్యానత్త లెక్కపెట్టడం మానేసింది.

అంత చిన్న మనిషి ఇంత పెద్ద మనిషిని ఎలా కొడుతుందని అడిగేవాళ్ళు ఒకసారి తమ ఇంటి తలుపు దగ్గరికి వెళ్ళి చూసుకోవాలి. మడతబందుల దగ్గర ఎంత తోసినా కదలని తలుపు అంచు దగ్గర చిటికెనవేలితో మూసుకుంటుంది. బలమంటే బరువు కాదు, ఎక్కడ నొక్కాలో తెలియడం. చిలకకు తెలుసు. పైగా వ్యానత్త తిరిగి ఒక్కటిచ్చిందంటే చిలక గోడకు అతుక్కుంటుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఒకరు కొట్టేవారు, ఇంకొకరు చేతులు వెనక్కి కట్టుకునేవారు.

చెప్పుకోలేదని కాదు. అన్నకు చెప్పింది.

“మగాడు కొట్టాడంటే చెప్పు, ఇప్పుడే వెళ్ళి కాళ్ళు విరగ్గొడతా,” అన్నాడు అన్న. “ఆడది కొడితే నేనేం చెయ్యను? అయినా నువ్వా కొంపలో ఎందుకున్నావో నాకు తెలీదనుకున్నావా? చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత.”

ఆడవాళ్ళకు సాయం చేసే నంబరుకు ఫోను చేసింది. అవతలి గొంతు మర్యాదగానే, “మీ ఆయన పేరు చెప్పండమ్మా” అంది. వ్యానత్త ఫోను పెట్టేసింది.

ఇంటి ఓనరమ్మకు చెప్పనే అక్కర్లేకపోయింది. పై అంతస్తులో పళ్ళేలు పగిలిన చప్పుడుకు ఆవిడే మెట్లెక్కి వచ్చింది.

“ఇద్దరాడపిల్లలు ఒక కప్పు కింద ఉంటే మాటామాటా రాదూ? నాలుగు గిన్నెలున్నచోట చప్పుడవదూ?” అంది ఓనరమ్మ, వ్యానత్త పెదవి మీద రక్తాన్ని చూస్తూనే. “పెద్దదానివి, నువ్వే తగ్గాలమ్మా. ఏదీ, నా ఎదురుగా ఇద్దరూ కావలించుకోండి.”

“పిన్నిగారూ, వద్దండీ...”

“వద్దేంటి? పంతమా? కావలించుకోమంటుంటే!”

చిలక వెక్కివెక్కి ఏడుస్తూ వచ్చి వ్యానత్త గుండెల్లో మొహం దాచుకుంది. దాచుకుని, చంక కింద మెత్తటి చోట గోళ్ళు దించి మెలిపెట్టింది. పిడికిలి దెబ్బను ఒళ్ళంతా పంచుకుంటుంది. గోరుకు అంత దయ ఉండదు, ఒత్తిడంతా మొన మీదే పడుతుంది. వ్యానత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఓనరమ్మ ఆ నీళ్ళను ఇంకోలా చదువుకుని, తన కళ్ళూ తుడుచుకుని, “ఎంత ముచ్చటగా ఉన్నారో” అంటూ దిగిపోయింది. తిన్న దెబ్బలన్నిటిలో వ్యానత్తకు మరపురానిది అదే. ఎందుకంటే ఆ దెబ్బకు ఆమె నవ్వాల్సి వచ్చింది.

ఇక ఆ కట్టు కట్టిన ఉదయం. పిల్లలందరూ ఎక్కారు. స్కూలుకు ముందు మలుపులో గేరు మార్చబోతే చేతిలో పట్టు లేదు. వ్యాను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక హారన్లు మోగాయి. ముందు సీట్లో పాప, “అత్తా, బండికి ఎక్కిళ్ళొచ్చాయా?” అని కిలకిల నవ్వింది.

కుడిచేత్తో నెట్టుకుపోవచ్చు. స్కూలు గేటు కనిపిస్తూనే ఉంది. ఎవరూ కనిపెట్టరు. వ్యానత్త బండిని పక్కకు తీసి, తాళంచెవి తిప్పేసి, స్కూలుకు ఫోను చేసింది. “నేను నడపలేను. ఇంకో బండి పంపండి.”

ట్రాన్స్‌పోర్టు సారు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. ఆయన వెనకే, కబురు తెలిసిన తల్లులు ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొచ్చారు.

“తాగి ఎక్కావా?”

“లేదు సార్. చెయ్యి పనిచెయ్యట్లేదు.”

“పొద్దున తెలీదా ఆ సంగతి?”

“తెలుసు సార్. బండి తీయకుండా ఉండాల్సింది. తప్పే.”

“ఏమైంది చేతికి?”

జాకీ నాలుక చివరిదాకా వచ్చింది. జాకీ జారిందంటే నింద బండి మీద పడుతుంది. ఏ పాపం ఎరగని బండి. వ్యానత్తకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది.

“కొట్టారు సార్.”

“ఎవరు? మీ ఆయనా?”

“ఆయనెవరూ లేరు. మా ఆవిడ కొట్టింది.”

చిలక చెప్పింది చెప్పినట్టే జరిగింది. సారు ముందు నవ్వాడు. తర్వాత తల్లుల వైపు చూశాడు. తర్వాత నవ్వు మానేశాడు.

స్కూల్లో మీటింగు పెట్టారు. ఎవరు పిలిచారో గానీ చిలక కూడా వచ్చింది, ఇస్త్రీ మడత నలగని బట్టల్లో, కళ్ళు ఒత్తుకుంటూ. “ఆవిడే నన్ను కొట్టేదండీ. నన్ను చూడండి, ఆవిణ్ణి చూడండి. మీకే తెలుస్తుంది.” అందరూ చూశారు. అందరికీ తెలిసిపోయింది. చదువుకున్నవాళ్ళు కదా, కంటితో తూకం వేసి తీర్పిచ్చేశారు.

“ఎవరు కొడితే మనకెందుకు? ఇద్దరూ ఇద్దరే,” అన్నాడొక తండ్రి.

“మా పాప ఆవిడ పక్క సీట్లో కూర్చుంటుందండీ!” అందొక తల్లి, అప్పటికే ఏడుపుగొంతుతో.

“ఇన్నాళ్ళూ అక్కడే కూర్చుందమ్మా,” అంది వ్యానత్త. “ఇవాళ కొత్తగా నాకేమన్నా కొమ్ములు మొలిచాయా? చెయ్యి బాగాలేక బండి ఆపాను. నేను ఎవర్తో ఉన్నానో అడుగుతున్నారు గానీ, చెయ్యెలా ఉందని ఒక్కరడిగారా?”

ఒక్కరూ అడగలేదు. అక్కడున్న తల్లుల్లో నేనూ ఉన్నాను.

స్కూలు ఒప్పందం రద్దు చేసింది. వ్యానత్త మళ్ళీ ఆ ఇంటి మెట్లెక్కలేదు. మెకానిక్ షెడ్డు పైనున్న గదిలో దిగింది. ఓనరమ్మ ఫోను చేసి, “అది తిండి మానేసి ఏడుస్తోందే. వచ్చి రాజీపడు” అంది.

“ఏడవనివ్వండి పిన్నిగారూ. నేనేడ్చినప్పుడు మీ ఇల్లేం కూలిపోలేదుగా.”

చెయ్యి బాగుపడ్డాక కొందరం మా పిల్లల్ని నేరుగా ఆమె బండిలోనే పంపడం మొదలుపెట్టాం. వ్యాను సగం ఖాళీ. ఇంకా నిండలేదు, నిండుతుందన్న నమ్మకమూ లేదు. మాది ధైర్యమేమీ కాదు, మా పాపను బండెక్కించిన ప్రతిసారీ అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను, ఏ బండైనా సరే. కాకపోతే నా దగ్గరున్న సాక్ష్యం ఒక్కటే: పరువూ పొట్టకూడూ పోతాయని తెలిసీ, గేటు కనిపిస్తుండగా తాళంచెవి తిప్పేసిన మనిషి ఈమె. అలాంటి డ్రైవరు ఇంకొకరు నాకు తెలీదు.

మొన్న సాయంత్రం వ్యాను దిగుతూ మా పాప చెయ్యి చూపించింది. వెనక సీటు పిల్లాడు కరిచాడు. పళ్ళ గుర్తులు ఎర్రగా తేలాయి. వాడి తల్లీ నేనూ, తల్లులందరూ చేసే పనే చేశాం. వాడి చేత సారీ చెప్పించి, “ఇంక అయిపోయింది, ఇద్దరూ కావలించుకోండి” అని పాపను ముందుకు తోశాను. పాప నా కాలు పట్టుకుని నా వెనక్కి జరిగింది.

“ఆగండమ్మా,” అంది వ్యానత్త డ్రైవరు సీట్లోంచి దిగి. “ఆ తొయ్యడం మానండి ముందు.”

“చిన్నపిల్లలు కదా...”

“అందుకే చెప్తున్నా. కరిచినవాణ్ణి వాటేసుకుంటేనే మంచిపిల్ల అని ఇప్పుడు నేర్పితే అది పెద్దయ్యాక కూడా మర్చిపోదు. వాడి సారీ వాణ్ణి దూరం నుంచే చెప్పనివ్వండి. మీరు ముందు నొప్పెక్కడుందో చూడండి. దగ్గరికెళ్ళాలనిపిస్తే దాని కాళ్ళే తీసుకెళ్తాయి. వెళ్ళకపోతే వెళ్ళలేదంతే.”

మా ఇంట్లో ఇప్పుడు అలాగే చేస్తున్నాం. పిల్లల తగువులు తెగడానికి చాలాసేపు పడుతోంది, కొన్ని తెగనే తెగడం లేదు. చుట్టాలు మా పాపకు పొగరు నేర్పుతున్నామంటున్నారు. అననివ్వండి.